చేతికి వాచీ, జేబులో ఫోన్, గోడకు గడియారం: ఏది మేలు?

టైమ్ కరెక్టుగా చూపించే విషయంలో ఫోన్‌తో వాచీ పోటీ పడలేదు. మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు ఓ పదిహేను సెకన్లు అటో ఇటో జరుగుతుంది. కీ ఇచ్చే పాత హెచ్‌ఎంటీకి ఒక్క రోజులోనే అంత తేడా రావచ్చు. ఫోన్ నెట్‌వర్క్‌ని చూసి తనే సరిచేసుకుంటుంది. ముహూర్తం 10.42 అంటే ఇదివరకు పురోహితుడి వాచీలో ఇంకా మూడు నిమిషాలుండేది, మేనమామ వాచీలో అప్పటికే దాటిపోయేది. ఇప్పుడు పందిట్లో ఎవరి ఫోన్ తీసినా ఒకటే టైమ్. జీలకర్ర బెల్లం దగ్గర ఆ గొడవ తీరిపోయింది.

అలాగని వాచీ దండగేం కాదు. టైమ్ చూడాల్సిన క్షణంలో మన చేతులు ఏ పనిలో ఉన్నాయన్నదే అసలు లెక్క. బండి మీద వెళ్తుంటే సిగ్నల్ పడుతుంది. ఆఫీసులో బయోమెట్రిక్ హాజరు టెన్షన్. ఫోనేమో ప్యాంటు జేబులో ఇరుక్కుని ఉంటుంది, లాగాలంటే సీటు మీంచి సగం లేవాలి, పైన వాన. వాచీ అయితే హ్యాండిల్ మీద చెయ్యి తియ్యకుండానే చూసుకోవచ్చు. బస్సులో రాడ్డు పట్టుకుని వేలాడేవాళ్లదీ ఇదే కథ. నాడి చూసే నర్సుకు సెకన్ల ముల్లు కావాలి, ఫోన్ తెర మీద మామూలుగా సెకన్లు కనబడవు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వాచీ చూసుకోవడం ఒకప్పుడు మర్యాద తక్కువ, ఇప్పుడు ఫోన్ తియ్యడం కన్నా అదే నయమనిపిస్తుంది.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు మాత్రం వాచీ లేకపోయినా లోటేమీ లేదు. టైమ్ తెర మూలనే ఉంటుంది.

ఇంట్లో గోడ గడియారాన్ని కొట్టేది లేదు. చేతులకు పిండి అంటుకున్నప్పుడు ఫోనూ ముట్టుకోలేం, వాచీ ఎలాగూ తీసి పక్కన పెట్టేస్తాం. పైగా గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునే సౌకర్యం ఉంది. ముందుందని ఇంటిల్లిపాదికీ తెలుసు, మనసులో తీసేసుకుంటారు కూడా, అయినా స్కూల్ వ్యాన్ వేళకు పిల్లలు గేటు దగ్గరుంటారు.

వాచీ లేకుండా గడపడం ఇంకెవరికైనా రావాలంటే అది పోటీ పరీక్షలు రాసే పిల్లలకే. నీట్ హాల్లోకి ఫోనే కాదు, వాచీ కూడా రానివ్వరు. 2025లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. తల తిప్పినప్పుడల్లా మణికట్టు వైపు చూసే అలవాటున్న పిల్లాడు అక్కడ కంగారు పడతాడు. అందుకే ఇంట్లో మాక్ టెస్టులు రాసేటప్పుడే వాచీ తీయించి, గడియారం కాస్త దూరంగా పెట్టడం మంచిది.

ఏ గడియారమూ వద్దు, పొద్దును చూసి చెప్పేస్తాం అంటారా? కాకినాడలో ఉంటే కొంత నయం. మన దేశ సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖ ఆ దగ్గర్లోనే పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి నడినెత్తి ఎండ సగటున పదహారు నిమిషాలు ఆలస్యం. ఫిబ్రవరిలోనైతే ఆ ఆలస్యం అరగంట దాకా పోతుంది. నీడను నమ్ముకుని రైలుకు బయల్దేరితే ప్లాట్‌ఫాం ఖాళీగా కనబడుతుంది.

స్మార్ట్ వాచీ మాటంటారా, అడుగులు లెక్కపెట్టుకునేవాళ్లకు సరే. కేవలం టైమ్ కోసమైతే నేను కొనను. ఫోన్‌కి పెట్టే ఛార్జింగ్ చాలదన్నట్టు దానికి ఇంకొకటి, పైగా ఫోన్‌లో మోగేదంతా చేతి మీదా మోగుతుంది.

బండి మీదో, బస్సుల్లోనో తిరిగేవాళ్లయితే నా ఓటు ముల్లుల వాచీకే. కొత్తది కొనేముందు బీరువాలో ఆగిపోయి పడున్న దాన్ని తీసి సెల్ వేయించండి. అయిపోయిన సెల్‌ని లోపలే వదిలేస్తే కారి మిషన్‌ని తినేస్తుంది, అప్పుడు రిపేరు ఖర్చు కన్నా కొత్తదే చవక.