డిస్క్ డ్రైవర్ కూల్చిన కెర్నల్: కేడంప్ వాడి చూశాక

లైనక్స్ సర్వర్ కుప్పకూలితే ముందుగా లాగ్ ఫైలు తెరుస్తాం. తప్పు డిస్క్ డ్రైవర్‌దే (డిస్కును నడిపే ప్రోగ్రామ్‌దే) అయినప్పుడు ఆ చివరి క్షణాల సందేశాలు డిస్కుకు చేరనే చేరవు. లాగ్ మామూలు పనుల మధ్యలో తెగిపోయి, తరువాతి వరుస కొత్త బూట్‌తో మొదలవుతుంది. విడిగా అమర్చిన ఒక డిస్క్ కంట్రోలర్ కార్డు, దాని తయారీదారు ఇచ్చిన డ్రైవర్ కలిసి నా సర్వర్‌ను మూడుసార్లు ఇలా పడగొట్టాక కేడంప్ జోలికి వెళ్లాను.

2005లో, 2.6.13 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లో (యంత్రాన్ని నడిపే కేంద్ర భాగంలో) చేరిన సదుపాయం ఇది. బూట్ అయ్యేటప్పుడే కొంత మెమరీని (నేను 256 ఎంబీ ఇచ్చాను) పక్కన పెట్టి, అందులో రెండో కెర్నల్‌ను సిద్ధంగా ఉంచుతుంది. మొదటిది కూలగానే రెండోది లేచి, పోయినదాని మెమరీని ఫైలుగా (దీన్నే డంప్ అంటారు) భద్రపరుస్తుంది. అయితే ఆ ఫైలును డిస్కు మీద రాయాలంటే రెండో కెర్నల్ కూడా అదే డ్రైవర్‌ను నమ్ముకోవాలి, అంటే దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టు. మొదటిసారి నాకు దక్కింది సగంలో ఆగిన ఫైలే. డంప్‌ను ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద సురక్షితంగా పంపే పద్ధతి) ద్వారా వేరే యంత్రానికి పంపేలా మార్చి, రెండో కెర్నల్‌లో ఆ డ్రైవర్ లోడ్ కాకుండా చేశాక గానీ పూర్తి డంప్ చేతికి రాలేదు. కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌కు ‘సి’ అక్షరం పంపి, కావాలని కూల్చి ముందే పరీక్షించుకోవచ్చు (సర్వర్ మీద ఎవరూ లేని వేళ చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు).

డంప్ చదవడానికి ‘క్రాష్’ అనే పనిముట్టు ఉంది. అందులో ‘లాగ్’ అని కొడితే కథంతా కనిపించింది: డిస్కు 30 సెకన్ల గడువులో జవాబివ్వలేదు, కెర్నల్ ఆ పనిని రద్దు చేయమంది, డ్రైవర్ కార్డును రీసెట్ చేసింది, వెంటనే నల్ పాయింటర్ (దేన్నీ చూపని ఖాళీ చిరునామా) దోషంతో పానిక్, అంటే కెర్నల్ కుప్పకూలడం. ‘బీటీ’ ఆదేశం చూపిన కాల్ వరుసలో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితాలో), దోషం పుట్టిన చోట, తయారీదారు డ్రైవర్‌లోని ఇంటరప్ట్ ఫంక్షన్ (కార్డు సంకేతం పంపినప్పుడు నడిచేది) ఉంది. తప్పు చిరునామా సరిగ్గా సున్నా కాదు, సున్నాకు 40 బైట్ల అవతల. అంటే ఖాళీ పాయింటర్‌ను స్ట్రక్చర్ (వివరాల కట్ట) అనుకుని అందులోని ఒక వివరాన్ని చదవబోయిందన్నమాట. రీసెట్‌లో తుడిచేసిన వివరాలను ఆలస్యంగా వచ్చిన ఇంటరప్ట్ వెతుక్కుంది. ఆలస్యం చేసింది డిస్కే కావచ్చు, కానీ ఆ మాత్రానికే కెర్నల్‌ను కూల్చడం డ్రైవర్ తప్పే. కేబుళ్లు మారుస్తూ గడిపిన నా రెండు వారాంతాలు వృథా అయ్యాయని అప్పుడు తెలిసింది. కెర్నల్‌తో పాటే వచ్చే డ్రైవర్‌కు మారాక మళ్లీ కూలలేదు.

లోపాలూ ఉన్నాయి. నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌కు అచ్చంగా సరిపోయే డీబగ్ ప్యాకేజీ (కోడులోని పేర్లు, వరుసల సమాచారం) లేకపోతే క్రాష్ ముందుకు కదలదు. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ దాన్నీ మార్చాలి. తయారీదారు డ్రైవర్‌కు డీబగ్ సమాచారం ఉండదు కనుక సోర్సులోని వరుస సంఖ్య రాదు, అసెంబ్లీ (యంత్ర సూచనల రూపంలోని కోడు) చదువుకోవాల్సిందే. మెమరీ తక్కువగా ఉన్న యంత్రమైతే అంత స్థలం కేటాయించే బదులు, కెర్నల్ సందేశాలను నెట్‌వర్క్ మీద పంపే నెట్‌కన్సోల్‌ను ముందు ప్రయత్నించమంటాను.