నలభై రెట్ల కటకం, కోనసీమ తేమ

ఈ మైక్రోస్కోపు కొన్న ఏడాదిలోనే నలుగురికి చెప్పి మరీ కొనిపించాను. ఎనిమిదేళ్లు వాడాక ఆ మాటలకు కొన్ని సవరణలు చేయడం నా బాధ్యత. దీని నలభై రెట్ల వస్తు కటకం, అంటే స్లైడుకు దగ్గరగా ఉండే కటకం మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. నమ్మకం మాత్రం కొంత సడలింది.

అమలాపురం దగ్గర ఒక కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మా గురువుగారు పోయే ముందు శిలాజ చెక్కల స్లైడ్లు పన్నెండు నా చేతిలో పెట్టారు. వాటిలో మూడింటి మీద అంటార్కిటికా, బియర్డ్‌మోర్ హిమానీనదం, పెర్మియన్ అని రాసి ఉంది. పెర్మియన్ యుగం అంటే పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. వాటిని చూడటానికే ఈ యంత్రం కొన్నాను.

పది రెట్ల కటకం గురించి చెప్పేదేమీ లేదు. అడ్డకోతలో వలయాలు కనిపిస్తాయి, అంతే. ఆ వలయాలు మాత్రం చూడాల్సినవే. మా పెరట్లోని కొబ్బరి మాను కోస్తే వలయమన్నదే ఉండదు. ఈ చెక్కలో ఒక్కో వలయం నిండా పెద్ద గదులే, చివర రెండు మూడు వరుసలు మాత్రం ఇరుకు గదులు. వేసవి పొడవునా అస్తమించని వెలుగులో పెరిగి, చీకటి కమ్ముకోగానే ఆగిపోయిన చెట్టు అది.

అసలు ఆనందం చెక్క కిరణాల వెంట, అంటే మాను నడిమి నుంచి బెరడు వైపు సాగే కణాల వరుసల వెంట, నిలువునా కోసిన ముక్కలో ఉంది. నలభై రెట్ల కటకం కింద, నీటిని మోసే దారుకణాల గోడల మీద గుంటలు కనిపిస్తాయి. ఒకదాన్నొకటి ఒత్తుకుని, ఆరు పలకలుగా మారి, అచ్చంగా తేనెపట్టులా. ఫోకస్ సరిచేసే సన్న మరను వెంట్రుకవాసి తిప్పితే గుంట నడిమి రంధ్రం తేలుతుంది, ఇంకాస్త తిప్పితే చుట్టూ ఉన్న అంచు తేలుతుంది. పక్కన కెనడా ఉత్తరాన ఆక్సెల్ హైబర్గ్ దీవిలో దొరికిన మెటాసెకోయా చెట్టు స్లైడు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అందులో గుంటలు ఎదురెదురుగా, ఎడంగా ఉంటాయి. కడియం నర్సరీలో కొన్న అరకేరియా, అదే అందరూ క్రిస్మస్ చెట్టు అంటారే, తుపానుకు విరిగితే దాని కొమ్మను బ్లేడుతో కోసి చూశాను. అదే తేనెపట్టు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చెట్టు పేరు దొరికిందని అప్పట్లో అందరికీ చెప్పాను. అది నా తొందరపాటు. ఈ తేనెపట్టు అమరిక అరకేరియాలకే సొంతం కాదు, ఎప్పుడో అంతరించిన గ్లోసోప్టెరిస్ చెట్లదీ ఇదే. అందుకే ఇలాంటి చెక్కకు అగాథాక్సిలాన్ అని ఒక ఉమ్మడి పేరు పెట్టుకున్నారు. అది చెక్క అమరికకు పేరు, చెట్టుకు కాదు. అసలు చెట్టేదో తేలాలంటే అదే పొరలో ఆకులు దొరకాలి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ స్కాట్ బృందం ప్రాణాలు పోతున్నా వదలకుండా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్లలో గ్లోసోప్టెరిస్ ఆకులున్నాయి. మన గోదావరి లోయలో, ఎగువన కొత్తగూడెం వైపు బొగ్గు పొరల్లోనూ ఆ ఆకు అచ్చులు దొరుకుతాయి. ఇవన్నీ కలిపి చూసుకోవాలి. ఏ కటకమూ ఆ పని చేసిపెట్టదు.

ఇక నా అసలు బాధ. ఆరో ఏడు కార్తీకమాసంలో, ఒక రాత్రి మూడో స్లైడు చూస్తుంటే గదుల మధ్య పలుచని దారాలు, కొమ్మలు చీలుతూ కనిపించాయి. గుండె ఝల్లుమంది. అంటార్కిటికా శిలాజ చెక్కల్లో శిలీంధ్ర తంతువులు దొరికాయని చదివి ఉన్నాను. ఆనాడు చెక్కను తిన్న బూజు ఆ చెక్కతో పాటే రాయిగా మారి నిలిచిపోయింది. నాకూ అదే దొరికిందనుకున్నాను. రెండు రోజులు కూర్చుని బొమ్మలు గీశాను, కొలతలు రాశాను. మూడో రోజు ఒక పాత విద్యార్థికి ఫోను చేసి పిలిపించాను.

అతను చాలాసేపు చూశాడు. స్లైడును మెల్లగా పక్కకు జరిపాడు. "మాస్టారూ, చెక్క కదులుతోంది, దారాలు కదలడం లేదండి" అన్నాడు. పది రెట్ల కటకానికి మార్చాడు. చెక్క గదులు చిన్నవయ్యాయి, దారాలు అంతే లావున ఉన్నాయి. కంటి దగ్గరుండే అక్షి కటకాన్ని తిప్పితే దారాలూ దానితో పాటే తిరిగాయి. విప్పి చూస్తే లోపలి కొలబద్ద గాజు బిళ్ల మీద బూజు అల్లుకుని ఉంది. నలభై రెట్ల కటకం మీద కూడా మొదలైందని, తేనెపట్టు అంచులు కొంతకాలంగా మసకబారుతున్నది నా కళ్ల లోపం వల్ల కాదని అప్పుడే తెలిసింది.

కాకినాడలో బాగుచేసే అతను శుభ్రం చేసి ఇచ్చాడు. బూజు పోయింది కానీ కటకం పూతను అక్కడక్కడ తినేసింది. దానికి మందు లేదన్నాడు. నా కోపమంతా మైక్రోస్కోపుతో వచ్చిన పెట్టె మీదే. లోపల స్పాంజి పరిచిన చెక్కపెట్టె. అందులోనే భద్రపరచమని కాగితం మీద రాశారు, నేను రాసినట్టే చేశాను. కాలువ గట్టున ఉన్న ఇంట్లో ఆ స్పాంజి తేమను పీల్చి దాచుకుంది. ఇప్పుడు బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ గుళికలు వేసి పెడుతున్నాను. వానాకాలంలో నీలం గుళికలు వారం తిరగకుండానే గులాబీ రంగుకు మారతాయి, మళ్లీ కొత్తవి వేయాలి.

కొనమంటారా అని అడిగేవాళ్లకు ఇప్పుడు ముందుగా మీ ఇల్లెక్కడ అని అడుగుతున్నాను. అనంతపురంలో ఉండేవారికైతే సందేహం లేకుండా కొనమంటాను. కోనసీమలో ఉంటూ, నాలా నెలల తరబడి ముట్టుకోకుండా ఉంచే అలవాటుంటే ఆలోచించమంటాను. నాకు అరవై ఆరేళ్లు, ఇంకొకటి కొనే ఉద్దేశం లేదు. అంచులు కాస్త పలచబడినా తేనెపట్టు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ రెండు రోజులు గీసిన బొమ్మలు కూడా దాచాను. దారాలు కొట్టేశాను, వలయాల కొలతలు సరిగ్గానే ఉన్నాయి.