వెబ్‌లాజిక్‌లో డేటాబేస్ అడాప్టర్: ఏళ్ల తరబడి వాడాక

హైదరాబాద్ రాయదుర్గంలో నేను పనిచేసే బృందం బీమా వ్యవస్థల మధ్య సమాచారం చేరవేసే సర్వర్లను చూసుకుంటుంది. వేర్వేరు వ్యవస్థలను కలిపే ఒరాకిల్ ఎస్‌ఓఏ సూట్ 11జీ రోజుల నుంచి 12సీ దాకా, ఒరాకిల్ అప్లికేషన్ సర్వర్ వెబ్‌లాజిక్ మీద డేటాబేస్ అడాప్టర్‌ను (ఆ సూట్‌ను డేటాబేస్‌తో కలిపే భాగం) వాడుతూనే ఉన్నాను. ఒకసారి సరిగ్గా అమర్చితే దాని పని నిక్కచ్చిగా ఉంటుంది. అమర్చడమే కష్టం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి ఉపయోగపడుతుందని నా అనుభవం వివరంగా రాస్తున్నాను.

ముందుగా మూడు పేర్ల సంగతి తెలియాలి. అప్లికేషన్‌తో పాటు వచ్చే జేసీఏ ఫైల్‌లో (అడాప్టర్ అమరికలు ఉండే ఫైల్) ‘ఈఐఎస్/డీబీ/పాలసీ’ లాంటి పేరు ఉంటుంది. సర్వర్‌లో అడాప్టర్ కింద అదే పేరుతో ఒక అవుట్‌బౌండ్ కనెక్షన్ పూల్ (అడాప్టర్ బయటికి వెళ్లే కనెక్షన్ల అమరిక) ఉండాలి. ఆ పూల్‌లోని లక్షణం ‘జేడీబీసీ/పాలసీ’ లాంటి డేటా సోర్స్ పేరును చూపాలి. డేటాబేస్ చిరునామా, యూజర్, పాస్‌వర్డ్ ఉండేది ఆ డేటా సోర్స్‌లోనే. ఈ గొలుసులో ఒక్క అక్షరం తేడా వచ్చినా కథ ఆగిపోతుంది. పైగా డేటాబేస్‌కు పంపే దిశలో అప్లికేషన్ ఏ అభ్యంతరమూ లేకుండా సర్వర్‌పైకి ఎక్కేస్తుంది. తొలి పిలుపు వెళ్లినప్పుడే జేసీఏ-12510 అనే లోపం లాగ్‌లో కనిపిస్తుంది. అది కనిపించగానే డేటాబేస్‌ను అనుమానించకండి, ముందు ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక కన్సోల్, అంటే వెబ్‌లాజిక్ అమరికలను బ్రౌజర్‌లో మార్చే తెర. డిప్లాయ్‌మెంట్స్‌లో డీబీఅడాప్టర్‌ను తెరిచి, కాన్ఫిగరేషన్‌లో అవుట్‌బౌండ్ కనెక్షన్ పూల్స్‌కు వెళ్లి కొత్త పూల్ సృష్టిస్తాం. అక్కడ లక్షణాల పట్టికలో విలువ టైప్ చేశాక ఎంటర్ కీ నొక్కాలి. ఆ తర్వాతే సేవ్ బటన్. ఎంటర్ నొక్కకుండా సేవ్ చేస్తే విలువ నిలవదు, గడి ఖాళీగానే మిగిలిపోతుంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఆ తెర మీద ఒక్క ముక్కలో చెప్పి ఉంటే ఎందరి సమయమో మిగిలేది. అందుకే మా బృందంలో ఎవరు పూల్ పెట్టినా, పేజీ నుంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లి విలువ చూసుకోవాలన్నది నియమం.

ఈ మార్పులన్నీ ప్లాన్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లోకి చేరతాయి. క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) అయితే ఆ ఫైల్ అన్ని సర్వర్లకూ ఒకే దారిలో దొరకాలి, కాబట్టి ఉమ్మడి డిస్క్ మీద పెట్టడమే మేలు. చివర్లో అడాప్టర్‌ను ఆ ప్లాన్‌తో అప్‌డేట్ చేస్తే సర్వర్ ఆపకుండానే మార్పు అమల్లోకి వస్తుంది. వెబ్‌లాజిక్ 14.1.2లో పాత కన్సోల్‌ను తీసేసి దాని స్థానంలో రిమోట్ కన్సోల్ ఇచ్చారు. అటు వెళ్లేవారు ఈ దశలను ముందుగానే సాధన చేసుకోవడం మంచిది.

ఎక్స్‌ఏ (రెండు చోట్ల జరిగే పనిని ఒకే లావాదేవీగా కట్టే పద్ధతి) విషయంలో కొత్తవారు తడబడతారు. పూల్‌లో రెండు గడులు ఉంటాయి, ఒకటి ఎక్స్‌ఏ డేటా సోర్స్‌కు, మరొకటి మామూలు డేటా సోర్స్‌కు. ఒకదాన్నే నింపాలి. మెసేజ్ క్యూ నుంచి తీయడం, టేబుల్‌లో రాయడం రెండూ కలిసి జరగాలి, లేదా రెండూ రద్దవ్వాలి అంటే ఎక్స్‌ఏ కావాలి. ఊరికే ఒక టేబుల్ చదివే పనికి ఆ బరువు అక్కర్లేదు.

నాకు ఈ అడాప్టర్ మీద గౌరవం పెరిగింది పోలింగ్ వల్ల, అంటే కొత్త వరుసల కోసం టేబుల్‌ను మళ్లీ మళ్లీ చూడటం వల్ల. ప్రీమియం రసీదుల టేబుల్‌లో ఒక స్థితి కాలమ్ ఉందనుకోండి. కొత్త వరుస ‘ఎన్’ అని వస్తుంది, అడాప్టర్ దాన్ని తీసుకుని ‘పి’ అని మారుస్తుంది. క్లస్టర్‌లో రెండు సర్వర్లు ఒకే టేబుల్‌ను చూస్తుంటే ఒకే రసీదును రెండూ తీసుకునే ప్రమాదం ఉంటుంది. డిస్ట్రిబ్యూటెడ్ పోలింగ్ ఎంచుకుంటే అడాప్టర్ తాను చదివే వరుసలకు తాళం వేస్తుంది. రెండో సర్వర్ స్కిప్ లాక్డ్ పద్ధతిలో వాటిని దాటి తర్వాతి వరుసలకు వెళ్తుంది. పండగ రోజు తిరుపతి ప్రసాదం కౌంటర్లలో ఒక్కో కిటికీ తన ముందున్న భక్తుణ్ని చూసుకున్నట్టే, ఎవరి పని వారిది, ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. మార్చి నెలాఖరులో పన్ను ఆదా కోసం జనం ప్రీమియంలు కడుతున్న సాయంత్రాల్లో కూడా ఏ రసీదూ రెండుసార్లు రాలేదు. అయితే 5 సెకన్లకు ఒకసారి, లావాదేవీకి 10 వరుసలు అనే తొలి విలువలు ఆ రద్దీకి చాలవు. లావాదేవీ పరిమాణాన్ని 100కు పెంచాక వరుసలు పేరుకుపోవడం ఆగింది.

డేటా సోర్స్‌లోనూ గమనించాల్సినవి ఉన్నాయి. గరిష్ఠ కనెక్షన్లు తొలుత 15 మాత్రమే ఉంటాయి. ఖాళీ కనెక్షన్ కోసం 10 సెకన్లు చూసి, దొరక్కపోతే లోపం ఇస్తుంది. మా క్లయింట్ ఒకరి ఫైర్‌వాల్ రాత్రంతా ఖాళీగా ఉన్న కనెక్షన్లను చప్పుడు లేకుండా తెంచేసేది. ఉదయం తొలి రసీదు ప్రతిసారీ విఫలమయ్యేది. టెస్ట్ కనెక్షన్స్ ఆన్ రిజర్వ్ అనే గడిలో టిక్ పెట్టాక ఆ సమస్య పోయింది. టిక్ ఉంటే, కనెక్షన్‌ను వాడకానికి ఇచ్చే ముందు అది బతికి ఉందో లేదో డేటా సోర్స్ చూస్తుంది. కొంచెం సమయం పట్టినా కొత్త డేటా సోర్స్ పెట్టిన ప్రతిసారీ నేను మొదట చూసేది ఈ గడినే.

ఒక చిన్న అప్లికేషన్ ఒక టేబుల్‌ను చదవడానికైతే దీని జోలికి వెళ్లొద్దు, నేరుగా జేడీబీసీ (జావా ప్రోగ్రామ్ డేటాబేస్‌తో మాట్లాడే మామూలు పద్ధతి) చాలు. ఇప్పటికే ఎస్‌ఓఏ సూట్ ఉండి, క్యూలతో కలిపి డబ్బుకు సంబంధించిన వరుసలు కదులుతున్న చోట మాత్రం వేరే దాన్ని వెతకక్కర్లేదు. ప్లాన్ ఫైల్‌ను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాధనం) పెట్టి, ఎవరు ఏ పూల్ మార్చారో ప్రతిసారీ రాసి ఉంచండి. టెస్ట్ సర్వర్‌లో సరిగా నడిచిన ప్లాన్‌ను చూసే ప్రొడక్షన్‌ది సిద్ధం చేసుకోండి.