‘ట్యూనింగ్ అక్కర్లేదు’ అని అమ్ముతున్న పొట్టి సీబీ యాంటెన్నాలతో జాగ్రత్త

కొత్తగా సీబీ రేడియో (సిటిజన్స్ బ్యాండ్, అంటే మామూలు జనం దగ్గరి దూరాలకు మాట్లాడుకునే రేడియో) కొని, మిగిలిన కొద్ది డబ్బుతో మొదటి యాంటెన్నా కోసం వెతుకుతున్నవారు దయచేసి ఇది చదివిన తర్వాతే ఆర్డర్ పెట్టండి. మాగ్నెట్ బేస్ మీద నిలబడే పొట్టి యాంటెన్నాను ‘ట్యూనింగ్ అక్కర్లేదు, తగిలించి మాట్లాడటమే’ అన్న మాటతో (ట్యూనింగ్ అంటే మన ఛానళ్లకు సరిపడేలా రాడ్ పొడవు సర్దడం) అమ్ముతున్న ఆ విక్రేత ఎవరో ఈ మధ్య ధరలు చూస్తున్నవారికి తెలిసే ఉంటుంది. వెతికిన వెంటనే అన్నిటికన్నా తక్కువ ధరతో పైన కనబడేది ఆ ప్రకటనే. నేను ఇక్కడ పేరు రాయడం లేదు, ఆ ప్రకటన చూసినవారు ఇట్టే గుర్తుపడతారు. నా డబ్బు తిరిగి రాదని నిన్న రాత్రి వచ్చిన సందేశంతో తేలిపోయింది. పోయిన డబ్బు బాధ ఒక ఎత్తు అయితే, అది పోయేలా వాళ్లు నడిపించిన తీరు మరొక ఎత్తు, నేను రాస్తున్నది ముఖ్యంగా ఆ తీరు గురించే.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. రేడియోకే చేతిలో ఉన్నదంతా దాదాపు అయిపోయింది. యాంటెన్నా, కేబుల్, మౌంట్ విడివిడిగా కొనే స్థోమత లేదు కాబట్టి మూడూ కలిపి ఒకే పెట్టెలో వచ్చేది ఎంచుకున్నాను. 60 సెంటీమీటర్ల స్టీలు రాడ్, దాని అడుగున కాయిల్, కింద మాగ్నెట్, నాలుగు మీటర్ల కేబుల్, చివర పీఎల్-259 కనెక్టర్. 40 ఛానళ్లలోనూ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె, 1 అయితే ఉత్తమం) 1.2 దాటదని, గెయిన్ (శక్తిని కావలసిన దిశలో బలంగా పంపే సామర్థ్యం) 9 డీబీ అని, 1000 వాట్లు తట్టుకుంటుందని ప్రకటనలో స్పష్టంగా రాశారు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ కొనవలసిన పని లేదని కూడా అందులోనే ఉంది. బడ్జెట్ తక్కువగా ఉన్నవాడికి ఆ ఒక్క వాక్యం ఎంత పెద్ద ఆశ కలిగిస్తుందో రాసినవాళ్లకు బాగా తెలుసు.

యాంటెన్నా వచ్చాక వాహనం పైకప్పు మధ్యలో నిలబెట్టి పిలిస్తే వినడమే గాని జవాబు రాలేదు. తెలిసినవారి దగ్గర మీటర్ అరువు తెచ్చి, చుట్టూ గోడలు, చెట్లు లేని ఖాళీ స్థలంలో తలుపులన్నీ మూసి కొలిచాను. ఒకటో ఛానల్‌లో 3.4, ఇరవైలో 2.8, నలభైలో 2.3 వచ్చింది. తెలియనివారి కోసం చెబుతున్నాను: 1.5 లోపు ఉంటే బాగున్నట్టు, 2 దాకా సర్దుకోవచ్చు, 3 దాటితే మాట్లాడే బటన్ నొక్కకపోవడమే రేడియోకు క్షేమం. 3 దగ్గర రేడియో పంపిన శక్తిలో నాలుగో వంతు యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగి వస్తుంది. ఏఎం పద్ధతిలో మామూలు సీబీ రేడియో పంపేదే 4 వాట్లు. తిరిగివచ్చే ఆ శక్తి వల్ల రేడియోలోని ఫైనల్ ట్రాన్సిస్టర్ల (యాంటెన్నాకు శక్తిని పంపే చివరి భాగాల) మీద భారం పడుతుంది, ఎక్కువసేపు మాట్లాడితే అవి కాలిపోయే ప్రమాదం ఉంది.

ఈ మూడు అంకెలనూ మీటర్ ఫోటోలతో సహా విక్రేతకు పంపాను. వాపసు గడువు అప్పటికి ఇంకా ఉంది. యాంటెన్నా మీద గీత కూడా పడలేదు, పెట్టె, అట్టలు, దారం ముడి కూడా భద్రంగా ఉన్నాయి. ‘దీన్ని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి, లేదా సరైనది పంపండి’ అని మర్యాదగా అడిగాను. వచ్చిన జవాబును ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను: ‘సార్, వాపసు అవసరం లేదు. మీటర్ ఎక్కువ చూపిస్తోందంటే రాడ్ పొడవు ఎక్కువైనట్టు. పై నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ కట్ చేయండి. కట్ చేశాక ఒక ఫోటో, మళ్లీ రీడింగులు పంపండి, మిగతాది మేం చూసుకుంటాం.’ ట్యూనింగ్ అక్కర్లేదని అమ్మినవాళ్లు ఇప్పుడు రాడ్ కోయమంటున్నారేమిటని నేను అడిగాను. ‘వాహనాన్ని బట్టి చిన్న సర్దుబాటు మామూలే, భయపడకండి, మా బాధ్యత’ అన్నారు. ‘మా బాధ్యత’ అన్న ఆ మాట ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

వాళ్లు చెప్పినట్టే ఆకురాయితో గాటు పెట్టి ఒకటిన్నర సెంటీమీటర్ తీసేసి, కొలిస్తే నలభయ్యో ఛానల్‌లోనే సూది 3 దాటింది, ఒకటో ఛానల్‌లో ఎర్రగీతల చివరికి వెళ్లి ఆగింది. అడిగారు కాబట్టి కోసిన రాడ్ ఫోటో, రీడింగుల ఫోటో రెండూ పంపాను. అప్పటిదాకా వెంటవెంటనే జవాబిచ్చినవాళ్లు ఒక్కసారిగా మౌనం వహించారు. ఆ తర్వాత వచ్చిన సందేశంలో ‘సార్’ లేదు, పలకరింపు లేదు. ‘కొనుగోలుదారు ఉత్పత్తిని కోసి మార్చారు. ఫోటో ఆధారం ఉంది. వాపసు తిరస్కరించాం’ అని మాత్రమే ఉంది. ఆధారంగా జతచేసింది నేను వాళ్ల కోరిక మీద పంపిన ఆ ఫోటోనే.

దీన్ని మీరు నిదానంగా ఆలోచించండి. కోయమన్నది వాళ్లు. ఫోటో తీయమన్నది వాళ్లు. ఆ ఫోటోనే తీసుకెళ్లి నా మీద సాక్ష్యంగా పెట్టింది కూడా వాళ్లే. కోయమని మీరే రాసిన సందేశం నా దగ్గర ఉందని చెబితే, ‘అది సలహా మాత్రమే, పాటించడం మీ ఇష్టం’ అన్నారు. ఇంకా వాదించినందుకు, ‘రేడియో వాడటం రానివాళ్లు ముందు నేర్చుకుని తర్వాత కొనాలి’ అని చివరి మాట. మొదటిసారి కొనేవారి కోసమే తయారుచేశామని ప్రకటనలో రాసుకుని, మొదటిసారి కొన్న మనిషితో ఇలా మాట్లాడటం నాకు సహించరానిదిగా అనిపించింది. సంభాషణ మొత్తం జతచేసి అమ్మకపు వేదికకు ఫిర్యాదు పెట్టాను. వస్తువు రూపం మారింది కాబట్టి విక్రేత నిర్ణయమే చెల్లుతుందని నిన్న రాత్రి బదులిచ్చారు.

వాళ్ల సలహా పొరపాటున ఇచ్చింది కాదని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటో ఛానల్‌లో ఎక్కువగా, నలభయ్యో ఛానల్‌లో తక్కువగా ఉందంటే యాంటెన్నా మన బ్యాండ్‌కన్నా పై ఫ్రీక్వెన్సీలో పలుకుతోందని అర్థం, అంటే రాడ్ పొట్టిగా ఉంది, దాన్ని పెంచాలి. నలభైలో ఎక్కువగా, ఒకటిలో తక్కువగా ఉంటేనే రాడ్ పొడవైనట్టు, అప్పుడే కోయాలి. యాంటెన్నాలు అమ్ముకుని బతికేవారికి ఇది అక్షరాభ్యాసం లాంటి విషయం. 3.4, 2.8, 2.3 అని వరుసగా అంకెలు కళ్లముందు పెట్టినా కోయమన్నారంటే, బాగుచేయడం వాళ్ల ఉద్దేశం కాదు. ఒకసారి కోసిన రాడ్‌ను ఎవరూ వెనక్కి తీసుకోరని తెలిసే ఆ సలహా ఇచ్చారన్నది నా అభిప్రాయం, దాన్ని మార్చుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించడం లేదు.

ఎలాగూ వెనక్కి పోదని తేలాక బేస్ అడుగున ఉన్న రబ్బరు పొర ఊడదీసి చూశాను. కేబుల్ పైఅల్లికను లోహపు పలకకు టంకం వేసి అతికించవలసిన చోట, ఆ తీగలను పురిపెట్టి పలక కింద నొక్కి, పైన జిగురు పోశారు. గోటితో మెల్లగా లాగితే అల్లిక మొత్తం బయటికి వచ్చేసింది. కాయిల్‌కు చుట్టిన తీగ కుట్టుదారంకన్నా కొంచెం లావు, చుట్లు ఒక దగ్గర కిక్కిరిసి, ఇంకో దగ్గర ఎడంగా ఉన్నాయి. రాడ్‌ను పట్టి ఉంచే రెండు చిన్న మరల్లో ఒకదానికి గాడి అప్పటికే అరిగిపోయి ఉంది. కేబుల్ మీద దాని రకం చెప్పే ఆర్‌జీ-58 అని గాని మరొకటని గాని ఏ ముద్రా లేదు. 1000 వాట్లు తట్టుకుంటుందని రాసింది ఈ తీగ గురించే.

ప్రకటనలోని మిగతా మాటలు కూడా పరిశీలిస్తే నిలబడేవి కావు. సీబీ ఛానళ్లు 26.965 నుంచి 27.405 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి, ఆ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, అందులో నాలుగో వంతు దాదాపు 2.7 మీటర్లు. వాహనం మీద అంత ఎత్తున రాడ్ పెట్టుకోవడం కష్టం కాబట్టి పొట్టి రాడ్‌కు కాయిల్ చేర్చి లోటు పూరిస్తారు. అది తప్పు కాదు, మంచి యాంటెన్నాలు కూడా అలాగే చేస్తారు. అయితే రాడ్ పొట్టిదయ్యే కొద్దీ కాయిల్‌లో వేడిగా పోయే శక్తి పెరుగుతుంది, సరిగా పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పు తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల యాంటెన్నా 40 ఛానళ్లలోనూ 1.2 చూపించిందంటే సంతోషించడానికి బదులు అనుమానించాలి, ఎందుకంటే పంపిన శక్తినంతా వేడిగా మింగేసే డమ్మీ లోడ్ కూడా మీటర్ మీద 1 దగ్గరే చూపిస్తుంది. ఇక 9 డీబీ గెయిన్ సంగతి: ఆదర్శవంతమైన భూతలం మీద నిలబెట్టిన పూర్తి క్వార్టర్ వేవ్ (తరంగంలో నాలుగో వంతు పొడవున్న) యాంటెన్నాకే లెక్క ప్రకారం 5 డీబీఐ (అన్ని దిశలకూ సమానంగా పంపే ఊహా యాంటెన్నాతో పోల్చిన డీబీ) కాస్త దాటుతుంది. దానిలో నాలుగో వంతు కూడా లేని రాడ్‌కు 9 ఎక్కడి నుంచి వస్తుంది?

అన్నిటికన్నా పెద్ద అబద్ధం ‘ట్యూనింగ్ అక్కర్లేదు’ అన్నది. వాహనం మీద పెట్టే యాంటెన్నాలో రాడ్ సగమే, మిగతా సగం వాహనపు లోహపు ఒళ్లు. పైకప్పు ఎంత వెడల్పు, మాగ్నెట్ మధ్యలో ఉందా అంచున ఉందా, పక్కన సామాను స్టాండ్ ఉందా అన్నవాటిని బట్టి రీడింగు మారుతుంది. ఆ ఒళ్లు ఎలా ఉంటుందో ఫ్యాక్టరీలో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది? నిజాయితీగా తయారుచేసేవారు రాడ్‌ను కొంచెం పొడవుగా ఉంచుతారు, లేదా పైకీ కిందికీ జరుపుకునే వీలు ఇస్తారు, ఎలా కొలవాలో కాగితం మీద రాసి పెట్టెలో వేస్తారు. ఈ పెట్టెలో ఆ కాగితం లేదు, మరలు తిప్పే అలెన్ కీ కూడా లేదు.

కొనబోయేవారికి నాలుగు మాటలు. డబ్బు తక్కువైతే రేడియోలో తగ్గించుకోండి, యాంటెన్నాలో తగ్గించుకోకండి. మామూలు రేడియో మంచి యాంటెన్నాతో చక్కగా పనిచేస్తుంది గాని, ఖరీదైన రేడియో కూడా ఇలాంటి యాంటెన్నాను కాపాడలేదు. వాహనానికైతే మీటరుకు పైబడిన రాడ్, జరుపుకునే వీలు, పేరు ముద్రించిన 50 ఓమ్‌ల కేబుల్ ఉన్నది చూడండి, పేరున్న కంపెనీది సెకండ్‌హ్యాండ్ దొరికినా కొత్త నాసిరకం కన్నా నయం. పైకప్పు అల్యూమినియం లేదా ఫైబర్‌ది అయితే మాగ్నెట్ అంటుకోదని ముందే గుర్తుంచుకోండి. ఇంటి నుంచి మాట్లాడేవారికి అసలు ఇవేవీ అక్కర్లేదు: ఒక్కోటి 2.6 మీటర్ల చొప్పున రెండు రాగి తీగలు, మధ్యలో కోయాక్సియల్ కేబుల్ కలిపి, వీలైనంత ఎత్తున కడితే మంచి డైపోల్ యాంటెన్నా తయారవుతుంది, తీగలను మొదట కొంచెం పొడవుగా ఉంచి మీటర్ చూస్తూ తగ్గించుకోవచ్చు. మీటర్ కొనలేకపోతే అరువు తెచ్చుకోండి, కాని కొలవకుండా మాట్లాడకండి.

ఇప్పటికే ఆ యాంటెన్నా కొని, ఇంకా కోయనివారు ఎవరైనా ఉంటే వెంటనే ఒకటో ఛానల్‌లోనూ నలభయ్యో ఛానల్‌లోనూ కొలిచి, మీటర్ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఒకటిలోనే ఎక్కువగా ఉంటే వాళ్లు ఏం చెప్పినా రాడ్ ముట్టుకోకండి, బేస్ విప్పకండి, సందేశాల్లో బేరాలు ఆడకుండా నేరుగా అమ్మకపు వేదిక ద్వారానే వాపసు పెట్టండి. గడువు లోపల, ఉన్నది ఉన్నట్టుగా, తెచ్చిన పెట్టెలోనే పంపండి.