మా మున్సిపల్ స్కూలు తల్లిదండ్రుల మాట ఎంతవరకు వింటుంది: ఒక అమ్మ రివ్యూ

మా పాప సింగ్‌నగర్ వైపు ఒక మున్సిపల్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. స్కూలు పేరు రాయను, ఎందుకంటే ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, వాటివల్ల అక్కడి టీచర్లు ఇబ్బంది పడటం నాకు ఇష్టం లేదు. చదువు ఎలా ఉంది, టెన్త్‌లో ఎంతమంది పాసయ్యారు అన్నవి అందరూ రాస్తూనే ఉంటారు. నేను రాసేది వేరే సంగతి. ఈ స్కూలు తల్లిదండ్రులతో ఎలా ఉంటుంది, మన మాట వింటుందా, విన్నాక ఏం చేస్తుంది అన్నది. మన బెజవాడలో పిల్లల్ని ఎక్కడ చేర్చాలా అని తిరిగేవాళ్లు ఫీజు అడుగుతారు, బస్సు అడుగుతారు, ర్యాంకులు అడుగుతారు, ఇది మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో ముందు అడగాల్సింది ఇదే.

అంతకుముందు పాప ఒక ప్రైవేటు స్కూల్లో చదివింది. అక్కడ తల్లిదండ్రులకు అనుమతి రిసెప్షన్ వరకే. పాప రోజూ పొద్దున్నే కడుపునొప్పి అని ఏడుస్తుంటే క్లాసులో ఏం జరుగుతోందో కనుక్కుందామని వెళ్లాను. ఇన్‌ఛార్జ్ మేడమ్ వచ్చి మార్కుల కాగితం చేతిలో పెట్టి, లెక్కల్లో వెనకబడింది, ఇంట్లో చూసుకోండి అన్నారు. క్లాస్ టీచర్‌తో మాట్లాడతానంటే క్లాసు టైమ్‌లో కుదరదన్నారు, సాయంత్రం వస్తే వెళ్లిపోయారన్నారు. ఫీజు మెసేజ్ మాత్రం నెలనెలా ఠంచనుగా వచ్చేది. ఆ ఏడాదంతా నా బిడ్డ ఏ బెంచీలో కూర్చుంటుందో కూడా నాకు తెలియలేదు, ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

ఇక్కడ చేర్చిన కొత్తలోనే తేడా తెలిసింది. హెచ్ఎం (హెడ్మాస్టర్) గారి గదికి వెళ్లాలంటే ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, బయట బల్ల మీద ఐదు నిమిషాలు కూర్చుంటే పిలుస్తారు. "ఏమ్మా, పాప ఇంట్లో ఏం చేస్తుంటుంది, ఎవరితో పడుకుంటుంది, ఏం తింటుంది" అని అడిగారు. మార్కుల గురించి ఆరోజు ఒక్క మాటా అడగలేదు. క్లాస్ టీచర్ మేడమ్ కూడా అంతే, పాప మూడు రోజులు రాకపోతే ఫోన్ చేసి "జ్వరమా అమ్మా, ఇంకేమైనానా" అంటారు. దీనికి పెద్ద పెద్ద బిల్డింగులేం అక్కర్లేదు కదా.

పేరెంట్స్ కమిటీ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా వీధిలో చాలామందికి అది ఉందని కూడా తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూల్లో మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి, అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. స్కూలు ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, గ్రాంట్లు దేనికి ఖర్చవుతున్నాయో గమనించడం వాళ్ల పని. ఎయిడ్ లేని ప్రైవేటు స్కూళ్లకు ఈ సెక్షన్ వర్తించదు. అంటే లక్ష రూపాయలు కట్టే తల్లికి ఈ చట్టం ఇవ్వని హక్కు, పైసా కట్టని నాకు ఇచ్చింది. ఇది తెలిశాక నేను ఊరుకోలేకపోయాను. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి, తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకున్నారు. మా క్లాసు నుంచి ఎన్నికైన ముగ్గురిలో నేనూ ఉన్నాను. మిగతా ఇద్దరిలో ఒకావిడ ఇళ్లలో పనిచేస్తారు, ఒకాయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్.

ఎన్నికై నెల కూడా తిరక్కుండానే బుడమేరు వాగు పొంగి వరద వచ్చింది. సెప్టెంబరు 1 ఆదివారం సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట అంతా నీళ్లలోకి వెళ్లిపోయింది, ఆ రోజులు మళ్లీ చెప్పక్కర్లేదు, మనందరికీ గుర్తే. మా స్కూల్లో కింది గదుల్లో బెంచీలు, రిజిస్టర్లు, బియ్యం బస్తాలు అన్నీ తడిసిపోయాయి. నీళ్లు తీసిన తర్వాత గదుల్లో బురద మిగిలింది, ఆ వాసన వారాల తరబడి పోలేదు. మా ఇళ్లే కడుక్కోలేని పరిస్థితి. అయినా హెచ్ఎం గారు కమిటీ వాళ్లకి ఫోన్ చేసి "రాగలిగినవాళ్లు రండమ్మా, బలవంతం లేదు" అన్నారు. చీపుర్లు, పారలు పట్టుకుని జనం వచ్చారు. వెల్డరన్న తుప్పు పట్టిపోతున్న బెంచీల కాళ్లు సరిచేసి ఇచ్చాడు, రూపాయి తీసుకోలేదు. టీచర్లు ఇంటింటికీ తిరిగి ఏ పిల్లకి పుస్తకాలు పోయాయి, ఏ పిల్లాడికి బట్టలు లేవు అని రాసుకున్నారు. మా ఇంటికి వచ్చిన మేడమ్ చెప్పులు విప్పి బురదలోనే నిలబడి మా అత్తగారితో మాట్లాడారు. ఆ తర్వాత ఈ స్కూలు మీద ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది, అది దాచుకోను.

మెగా పీటీఎంల, అంటే ప్రభుత్వం పెట్టించే పెద్ద పేరెంట్-టీచర్ మీటింగుల సంగతికి వస్తాను. మొదటిది 2024 డిసెంబరు 7న జరిగింది, రెండోది 2025 జూలై 10న. మొదటిసారి అమ్మలకు ముగ్గుల పోటీ, నాన్నలకు తాడు లాగే పోటీ పెట్టారు. అంతా పండగలా ఉంది, ఎప్పుడూ స్కూలు మెట్లెక్కని నాన్నలు కూడా వచ్చారు, అది మంచిదే. పిల్లలతో కలిసి కూర్చుని మధ్యాహ్నం భోజనం తిన్నాం. కానీ ఫొటోలు, ప్రసంగాలు, అతిథులు అయ్యేసరికి క్లాస్ టీచర్‌తో మాట్లాడటానికి మిగిలిన టైమ్ చాలా తక్కువ. నలభై మంది తల్లులు ఒక టేబుల్ చుట్టూ నిలబడితే ఎవరి బిడ్డ గురించి ఎవరు మనసు విప్పి మాట్లాడతారు? ఇంట్లో తాగుబోతు తండ్రి ఉన్నాడని, పిల్ల రాత్రుళ్లు నిద్రపోవడం లేదని నలుగురి మధ్యలో ఏ తల్లీ చెప్పదు. రెండోసారి ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డు మాత్రం నాకు నచ్చింది, మార్కులతో ఆగకుండా పిల్ల ఆరోగ్యం, ఆటలు, ప్రవర్తన కూడా అందులో ఉన్నాయి. అది చూసి మాట్లాడుకోవడానికి ఇంకో రోజు పెట్టమని కమిటీలో అడిగాం. ఇప్పుడు మా హెచ్ఎం గారు శనివారం సాయంత్రాలు రోజుకు కొద్దిమంది చొప్పున పిలుస్తున్నారు. పెద్ద మీటింగ్ కంటే నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

టైమింగ్ విషయంలో గట్టిగా చెప్పాలి. జూలై 10 గురువారం. కూలికి వెళ్లేవాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు ఒక పూట మానేస్తే ఆ పూట డబ్బు పోయినట్టే. రాని తల్లిదండ్రుల్ని చూసి "వీళ్లకి పిల్లల మీద శ్రద్ధ లేదు" అనేవాళ్లు ఆ పూట కూలి సంగతి ఆలోచించాలి. మా క్లాసులో ఇద్దరు పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు, తల్లిదండ్రులు వేరే ఊళ్లో పనికి వెళ్లారు. ఆ అమ్మమ్మలకి వాట్సాప్ రాదు. స్కూలు సమాచారమంతా వాట్సాప్ గ్రూపులో పడుతుంది, అదీ సగం ఇంగ్లీషులో. దీన్ని ఇంకా సరిచేయలేదు. ప్రస్తుతానికి పక్కింటి పిల్లల చేత చెప్పి పంపిస్తున్నాం, కానీ ఇది స్కూలు చేయాల్సిన పని.

భోజనం గురించి రాయకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలో ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి ఆవిడ. అంతటి పేరు పెట్టినప్పుడు ఆ అన్నం ఎలా ఉండాలో అందరికీ తెలుసు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వచ్చాక పిల్లలు అన్నం వదిలేయడం బాగా తగ్గింది, ఇది నా కళ్లతో చూశాను. గుడ్డు, చిక్కీ, రాగి జావ అందుతున్నాయి. 2025 జనవరిలో జూనియర్ కాలేజీ పిల్లలకు కూడా భోజనం మొదలుపెట్టినప్పుడు ఆ కార్యక్రమం మన పాయకాపురం కాలేజీలోనే జరిగింది, మా పక్కింటి అమ్మాయి అక్కడే చదువుతుంది, పొద్దున్నే క్యారేజీ కట్టే పని తప్పిందని వాళ్లమ్మ ఎంత సంతోషపడిందో.

ఒక దశలో మాత్రం సాంబారు నీళ్లలా వచ్చేది, గుడ్లు కొన్ని వాసన వచ్చేవి. పిల్లలు ఇంటికొచ్చి చెప్పారు. వడ్డించే ముందు పెద్దవాళ్లు రుచి చూడాలి, వాళ్లలో ఒక టీచరైనా ఉండాలి అని నిబంధన ఉంది. కమిటీ నుంచి వంతులవారీగా వెళ్లి రుచి చూడటం మొదలుపెట్టాం, బాగా లేని రోజు బాగా లేదని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాం. వండే అక్కల మీద అరవలేదు, వాళ్లకి బిల్లులు ఆలస్యమవుతున్నాయని మాకు తెలుసు, ఆ మాట కూడా అదే రిజిస్టర్లో రాశాం. తర్వాత నెమ్మదిగా మెరుగుపడింది. హెచ్ఎం గారు ఆ పేజీలు దాచలేదు, చెరపమనలేదు, పైకి పంపారు. మంచి స్కూలు అని నేను అనేది అందుకే.

మరుగుదొడ్లు ఇంకా బాగుపడలేదు. ఆడపిల్లల వైపు ఒక తలుపుకి గడియ సరిగ్గా పడదు, మధ్యాహ్నం తర్వాత నీళ్లు రావు. మా పాప ఇంటికి వచ్చేదాకా వెళ్లకుండా ఆపుకుంటోంది, అందుకని నీళ్లు కూడా తక్కువ తాగుతోంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లకి ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకు డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకంలో పిల్లకి 15,000 అని చెప్పి 13,000 అమ్మ ఖాతాలో వేస్తున్నారు, మిగిలిన 2,000 స్కూలు, మరుగుదొడ్ల నిర్వహణకే పక్కన పెడుతున్నారు. మా పిల్లల పేరు మీద తీసిన డబ్బు అది. మా స్కూలుకి అందులోంచి ఏం వచ్చింది, ఎప్పుడు వస్తుంది అని కమిటీలో తీర్మానం రాసి అడిగాం, ఇంకా సరైన జవాబు రాలేదు. వచ్చేదాకా అడుగుతాం. ఈ ఒక్క విషయంలో హెచ్ఎం గారు కూడా మెత్తగా ఉంటున్నారు, అది నాకు నచ్చలేదు, ఆయనతో ముఖం మీదే చెప్పాను.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగు. ఆ తగ్గిన ఒకటి మరుగుదొడ్లకి. చేర్చాలనుకునేవాళ్లు మధ్యాహ్నం భోజనం టైమ్‌లో వెళ్లండి, ఆ టైమ్‌లో స్కూలు అసలు ఎలా ఉందో కనిపిస్తుంది. కమిటీ తీర్మానాల పుస్తకం చూపించమని అడగండి, చూపిస్తే రెండు మూడు నెలల వెనక్కి తిప్పి ఏం అడిగారో, ఏం జరిగిందో చదవండి. ఆడపిల్ల తల్లులైతే టాయిలెట్ తలుపులు మీరే తీసి చూడండి. మీటింగ్ సాయంత్రం పెట్టమని ఇప్పటికే ముగ్గురం రాసిచ్చాం, మీరు చేరాక నాలుగో సంతకం పెట్టండి.