బరంపురం బళ్ల మీద టిఫిను, పర్లాకిమిడిలో బొమ్మలు

బరంపురంలో దిగినవాళ్లలో చాలామంది స్టేషన్ దగ్గర లాడ్జిలో బ్యాగు పడేసి, ఆటో మాట్లాడుకుని గోపాలపూర్ బీచికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. సముద్రం కోసమే అయితే మన భీమిలి చాలు, ఇంత దూరం అక్కర్లేదు. మేం వెళ్లింది తిండి కోసం. పైగా మా ఆవిడకి ఈ మధ్య బొమ్మలు వేసే సరదా పట్టుకుంది. సవర గిరిజనుల బొమ్మలు వేసేవాళ్లని దగ్గరుండి చూడాలని ఒకటే గొడవ.

ఇచ్ఛాపురం దాటితే రాష్ట్రం మారి ఒడిశా వస్తుంది గానీ మాట మారదు. బరంపురం బజార్లో సగం దుకాణాల్లో తెలుగులో బేరం ఆడొచ్చు. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి పుట్టింది ఈ ఊళ్లోనే, 1894లో. అప్పడాలు, ఊరగాయలు ఇక్కడ ఇంటింటి వ్యాపారం. ఏ వీధిలోకి వెళ్లినా అరుగుల మీద అప్పడాలు ఆరుతూ కనిపిస్తాయి.

అసలు సంగతి పొద్దున్నే ఉంది. ఏడు కొట్టకముందే బళ్ల దగ్గర జనం. ఇడ్లీ, ఉప్మా, పూరీ, గారె (వాళ్లు బరా అంటారు), వీటిలో ఏది తీసుకున్నా పైన ఘుగుని పడాల్సిందే. ఎండు బఠాణీలు రాత్రి నానబెట్టి, బంగాళాదుంప, అల్లం వెల్లుల్లి, మసాలా వేసి చిక్కగా ఉడికించిన కూర అది. మేం రోజూ వెళ్లిన బండాయన ఆకుదొన్నెలో రెండు బరాలు పెట్టి, గరిటె అంచుతోనే నాలుగు ముక్కలు చేసి, ఘుగుని పోసి, పైన పచ్చి ఉల్లిపాయ చల్లి చేతికిచ్చేవాడు. ముందున్నాయనతో ఒడియా, నాతో తెలుగు, రెండూ ఒకే గుక్కలో. "ఏటి బాబూ, ఇంకో రెండు ఎయ్యమంటారా?" అంటే వద్దనడం నా వల్ల కాలేదు. ఉప్మా మీద ఘుగుని ఏమిటని మొదట అనిపిస్తుంది. తిన్నాక చట్నీతో ఉప్మా చప్పగా తోస్తుంది. ఇద్దరం కడుపునిండా తిన్నా వంద దాటలేదు.

అదే మధ్యాహ్నం ఏసీ రెస్టారెంటుకి వెళ్లారా, మెనూ అంతా పనీర్ బటర్ మసాలాయే. అది వైజాగ్‌లోనూ దొరుకుతుంది. ఒడియా భోజనం ఉందా అని అడిగితే వెయిటర్ మమ్మల్ని జాలిగా చూశాడు.

బసల సంగతికొస్తే, స్టేషన్ దగ్గరి లాడ్జీలు ఒక రాత్రికి పర్లేదు, నిద్ర మీద ఆశ పెట్టుకోకూడదు అంతే. కొత్త బస్టాండ్ వైపు హోటళ్లలో గదులు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ పనిచేస్తుంది, లిఫ్ట్ ఉంది. వాళ్లు ఉచితమని ఊరించే బ్రేక్‌ఫాస్ట్ మాత్రం బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్. బయట ఘుగుని ఉడుకుతుంటే లోపల కార్న్‌ఫ్లేక్స్ తినేవాళ్లని చూస్తే బాధేసింది. బ్రేక్‌ఫాస్ట్ లేని రేటు అడిగి తీసుకోండి.

గోపాలపూర్‌లో మాకు దొరికిన సీ వ్యూ గదిలోంచి సముద్రం కనిపించాలంటే కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగాలి. వేడినీళ్లు బకెట్లో తెచ్చిస్తారు, అదీ రెండుసార్లు ఫోన్ చేస్తే. చేప వేపుడు ధర తిన్నాక చెప్పారు. ఈ ఊళ్లో పేరున్న పామ్ బీచ్ హోటల్ 1914లో ఒక ఇటలీ దేశస్థుడు పెట్టింది, ఇప్పుడు మేఫెయిర్ హోటళ్ల కంపెనీ చేతిలో ఉంది. అక్కడి అద్దె మా బడ్జెట్‌కి అందదు. నన్నడిగితే గోపాలపూర్‌కి సాయంత్రం పోయి రాత్రికి బరంపురం వచ్చేయడమే మేలు. దూరం పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ.

బరంపురం నుంచి తప్తపాణి వేడినీటి బుగ్గ దాటి ఘాట్ ఎక్కితే చంద్రగిరి వస్తుంది. 1963 నుంచి టిబెటన్లు ఇక్కడ స్థిరపడ్డారు. జిరంగ్ దగ్గరి పెద్ద బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. విహారం అందంగానే ఉంది, ఫొటోలు అందరూ పెడతారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. దాని దగ్గర మోమోల కొట్లున్నాయి. సూపుతో ఇచ్చే కొట్టు ఎంచుకోండి. చుట్టూ మొక్కజొన్న చేలు. బస్సుల్ని నమ్ముకుంటే రోజు గడిచిపోతుంది, కారు మాట్లాడుకోవడమే దారి.

పర్లాకిమిడిలో మాకు అదృష్టం తగిలింది. తెలిసినవాళ్ల ద్వారా ఒక తెలుగువారింటి మేడమీద వాటా దొరికింది. గ్యాస్ పొయ్యి, కుక్కర్, రోలు అన్నీ ఉన్నాయి. ఇలాంటి ఊళ్లలో నేను మంచం కంటే ముందు పొయ్యి చూస్తాను. పొయ్యి ఉంటేనే సంతలో కొన్న కూరలకు అర్థం. ఇంటావిడ, మేం పిన్నిగారూ అని పిలిచేవాళ్లం, దాల్మా నేర్పారు. కందిపప్పులో అరటికాయ, గుమ్మడి, వంకాయ, చేమదుంప వేసి ఉడికించి, ఐదు దినుసుల పోపు పెట్టడం. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర. దించాక వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి చల్లాలి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. నా చెయ్యి చింతపండు వైపు పోతుంటే పిన్నిగారు, "ఆగండి బాబూ, అది వేస్తే మీ పప్పుచారైపోతుంది" అన్నారు.

నాకు అంతకంటే నచ్చింది బడి చూరా. మినప వడియాలు వేయించి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయతో రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఆవనూనె చుక్కలు వేసి చద్దన్నంలో నంజుకోవడం. ఇంటికొచ్చాక నువ్వుల నూనెతో చేశాను. బాగుంది, కానీ ఆ ఘాటు లేదు. ఆవనూనె సీసా కొనక తప్పలేదు.

బొమ్మల సంగతి. గిడుగు రామమూర్తి పంతులు మాస్టారుగా పనిచేసి, సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేసిన ఊరు ఈ పర్లాకిమిడే. సవరల్లో ఒక శాఖైన లంజియా సవరల చిత్రకళకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మాకు నేర్పిన కుర్రాడు ముందు ఎర్రమట్టి రంగు పూసిన గుడ్డ ఇచ్చి, పుల్ల చివర నలిపి కుంచె చేసుకోమన్నాడు. తెలుపు బియ్యప్పిండిది. మా ఆవిడ మధ్యలో గుర్రం వెయ్యబోతే ఆపాడు. ముందు అంచు గీయాలి, అక్కడి నుంచి లోపలికి రావాలి. మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మల్లో మనుషులు కోసుగా రెండు త్రికోణాలు కలిసినట్టుంటారు, సవర బొమ్మల్లో అంత కోసు ఉండదు, ఆడామగా తేడా కూడా తెలియదు. వాళ్ల ఇళ్లలో ఈ బొమ్మలు అలంకారం కాదు, దేవతలకీ పెద్దలకీ వేసేవి. అది విన్నాక మా ఆవిడ సోఫా కవర్ల మీద వేసే ఆలోచన మానుకుంది. నేర్పినందుకు ఆ కుర్రాడు అడిగింది తక్కువ. మేమే కాస్త కలిపి ఇచ్చాం.

తిరుగు ప్రయాణం గుణుపూర్ లైన్లో రైలు. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న లైనుగా మొదలై, 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. రైళ్లు తక్కువ, టైము ముందే చూసుకోవాలి. తప్పిందంటే నది అవతల పాతపట్నం వెళ్లి బస్సెక్కొచ్చు.

బరంపురంలో కొన్న ఛెనాపొడ (విరిగిన పాలతో కాల్చి చేసే ఒడియా మిఠాయి) ఇల్లు చేరేలోగా అయిపోయింది. ఎండల్లో అయితే ఎలాగూ నిలవుండదు. ఇంట్లో పాలు విరగ్గొట్టి, ఛెనాని చేత్తో మెత్తగా మెదిపి, పంచదార, కాస్త రవ్వ, యాలకులు కలిపి, అరిటాకు పరిచిన గిన్నెలో పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసిన కుక్కర్లో ఉప్పు మీద సన్నమంటన పెడుతున్నాను. అడుగున నలుపు బాగానే వస్తోంది, పైన రావడం లేదు. ఇనప పెనం ఎర్రగా కాల్చి గిన్నె మీద బోర్లిస్తే కొంత నయం.