బ్రిడ్జర్టన్ అక్కచెల్లెళ్ళు: మూడో పిల్ల గురించి నా గొడవ

జూలియా క్విన్ రాసిన బ్రిడ్జర్టన్ నవలలు ఎనిమిదీ ఏళ్ళ తరబడి నా ఫోన్లోనే ఉన్నాయి. వెబ్ సిరీస్ చూసినవాళ్ళకి కథ కొత్తగా చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళకి ఒక్క మాట: రెండొందల ఏళ్ళ కిందటి ఇంగ్లండ్‌లో ఎనిమిది మంది తోబుట్టువుల పెళ్ళిళ్ళ కథలివి, ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం. అన్నదమ్ముల సంగతి పక్కన పెట్టేస్తున్నాను. నేను మళ్ళీ మళ్ళీ తెరిచేది ఆడపిల్లలవి నాలుగే. అందులోనూ నా గొడవంతా మూడో పిల్ల ఫ్రాన్చెస్కాతోనే.

ఆ ఇంట్లో ఆడపిల్లకి పెళ్ళయిందంటే తరవాతి పుస్తకాల్లో చుట్టం అయిపోతుంది. పెద్దపిల్ల డాఫ్నీ వస్తుంది, ఓ సలహా పారేసి వెళ్ళిపోతుంది. సరే, డచెస్ కదా, అనుకోవచ్చు. ఫ్రాన్చెస్కా చుట్టంగా కూడా రాదు. పెళ్ళయింది, భర్త పోయాడు, స్కాట్లండ్‌లో ఉంటోంది. అంతే, ముక్తసరిగా కానిచ్చేస్తారు. మా పాలకొల్లు వైపు సంక్రాంతికి కూతురు పుట్టింటికి రాకపోతే వీధంతా ఆరా తీస్తుంది. మా పెద్దక్క కువైట్ నుంచి రాని ఏడు, మా అమ్మ అందరికీ సమాధానం చెప్పలేక సతమతమైంది. ఈ పుస్తకాలు అక్కకి అంటించింది నేనే. నాలుగోది చదువుతూ ఓ రాత్రి ఫోన్ చేసింది: "ఒసేయ్, ఆ మూడో పిల్లని ఏం చేశారే వీళ్ళు?"

నా దగ్గర జవాబు లేదు. ఐదోదీ ఆరోదీ ఒకదాని వెంట ఒకటి చదివాక గానీ దొరకలేదు. నాలుగు, ఐదు, ఆరు పుస్తకాలు మూడూ చాలావరకు 1824లోనే నడుస్తాయి. నాలుగోదాంట్లో రెండో పిల్ల ఎలోయిస్ వేళ్ళకి సిరా మరకలుంటాయి, ఉత్తరాలు రాస్తున్నానంటుంది. నేను పట్టించుకోలేదు. ఐదోదాంట్లో ఆ ఉత్తరాలు ఎవరికో తెలుస్తుంది. ప్రతి అధ్యాయం మొదట్లో ఎలోయిస్ ఉత్తరం ముక్క ఒకటి ఉంటుంది. కథ కన్నా నాకవే ఇష్టం. ఇంట్లో చెప్పకుండా బండెక్కి, తను ఉత్తరాలు రాసే ఫిలిప్ ఇంటికి పోతుంది, అన్నలు నలుగురూ వెనకాలే దిగుతారు, హడావుడిగా పెళ్ళైపోతుంది. ఆ పెళ్ళికి ఫ్రాన్చెస్కా లేదు. ఇద్దరిదీ ఏడాది తేడాతో ఒకే పుట్టినరోజు, అయినా లేదు. ఎందుకు లేదో ఆరోది చెబుతుంది. అక్కడ ఆమెకి తన కష్టమే కొండంత ఉంది. పెళ్ళైన రెండేళ్ళకి భర్త పోయాడు, కడుపులో బిడ్డా దక్కలేదు. నాలుగేళ్ళ తరవాత, బిడ్డ కావాలని మళ్ళీ పెళ్ళికి సిద్ధమవుతుంది. ఇదంతా తెలిశాక వెనక్కి వెళ్ళి నాలుగోది తిరగేశాను. మొదటిసారి విసుగెత్తించిన ఆ ఖాళీయే ఈసారి నన్ను పేజీ దగ్గర ఆపేసింది.

ఆరోదాంట్లో హీరో, ఫ్రాన్చెస్కా పోయిన భర్తకి కజిన్, మైకేల్ గురించి ఓ మాట. నాలుగేళ్ళు మద్రాసులో ఉండి వస్తాడు. అప్పట్లో మన డెల్టా కూడా మద్రాసు ప్రెసిడెన్సీ కిందే, ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా పాతికేళ్ళ పైచిలుకు తరవాతి మాట. ఇంతదూరం వచ్చిన మనిషి వెంట తీసుకెళ్ళింది మలేరియా ఒక్కటే.

హాయిగా చదివేయొచ్చని ఈ సిరీస్‌ని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు డాఫ్నీ పుస్తకం దగ్గర కొంచెం ఆగి చెబుతున్నాను. తాగి ఉన్న మొగుడితో ఆమె ప్రవర్తించిన తీరు నాకిప్పుడు మింగుడు పడదు. ఇంటర్ చదివే మా మేనకోడలికి అది ఇవ్వలేదు, నేరుగా చివరి పిల్ల హయసింత్‌ది ఇచ్చాను. నగల వెతుకులాట, లేడీ డాన్‌బరీ వెటకారం, అల్లరి పిల్ల. దానికి తెగ నచ్చింది.

ముగ్గురు ఆడపిల్లల ఇంట్లో పెరిగాను గనక నాకు ఇంతగా పట్టిందేమో. మా ఆయన రెండు అధ్యాయాలకే నిద్రపోయారు. ఇంగ్లిష్ మాత్రం తేలికే, డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన నాకే అడ్డు పడలేదు. చదివితే నాలుగు, ఐదు, ఆరు వరసగా చదవండి. అక్కకీ అదే చెప్పాను. వినకుండా ఐదోది వదిలేసి ఆరోది మొదలుపెట్టింది. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి, ఈ ఎలోయిస్‌కి పెళ్ళెప్పుడైందే అని నన్నే అడుగుతోంది.